చెన్నక్క ఖాళీ చేసిన ఊరు

కువైట్‌లో, సబా అల్ సలేంలో మా ఎదురింటి తోటమాలి నిన్న సాయంత్రం గడ్డి కోశాడు. మంచమంత గడ్డి. దానికి రెండు పూటలా నీళ్ళు, పైన ఎరువు, కత్తెర సేవలు. చూస్తే నవ్వొస్తుంది. కానీ కోసిన పచ్చిగడ్డి వాసన వంటింటి కిటికీలోంచి వచ్చేసరికి చేతిలో గరిటె ఆగిపోయింది. మా యజమానురాలు, మేమంతా మామా అని పిలిచే ఆమె, వచ్చి కూర మాడుతోందని కేకలేసేదాకా నేను చెన్నక్క దగ్గరే ఉన్నాను.

మా ఊరు బోదమిట్ట. రాయచోటికి ఎగువన, చెట్లకంటే గడ్డే ఎక్కువున్న మెట్ట మీద చిన్న పల్లె. దాని చరిత్ర ఎవరూ రాయలేదు. చెన్నక్క చెప్పిందే నాకు తెలుసు. "ముందు గొర్రెలొచ్చినాయి మే, మనుషులు వాటెనకాల వచ్చినారు. యా మంద యాడ పండుకుంటే ఆడ గుడిసె ఏసుకున్నారు. అందుకే మనూర్లో ఒక్క ఈదీ తిన్నగుండదు," అనేది. తరువాత వానలు ముఖం చాటేశాయి, మందలు సంతకు పోయాయి. మగదిక్కు లేని చెన్నక్క అందరికంటే ముందు కువైట్ విమానమెక్కింది. తను పనిచేసే ఇంటివాళ్ళ బంధువులకు పనిమనిషి కావలసినప్పుడల్లా మా ఊళ్ళో ఒకరికి వీసా తెప్పించేది. అలా వచ్చినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

నా మొదటి శుక్రవారం సెలవుకి నన్ను అబ్బాసియాలోని గదికి తీసుకుపోయింది. మా ఊరివాళ్ళంతా కలిసి అద్దెకు తీసుకున్న గది అది. లోపల అడుగుపెట్టగానే సంగటి వాసన, ఊరిబిండి పచ్చడి నూరుతున్న చప్పుడు. నేను ఒక మూల కూర్చుని ఏడుపు లంకించుకున్నాను. ఆమె ఓదార్చలేదు.

"ఏడిస్తే ఏడువు గానీ, ముందు ఊరు తిరుగుదాం రా."

అది ఆ గదిలో ఆచారం. అన్నం ముట్టే ముందు చెన్నక్క చేదబావి దగ్గర మొదలుపెట్టి ఒక్కో ఇల్లూ వరసగా అడుగుతుంది. ఆ ఇంటి తాలూకు మనిషి, అక్కడ ఎవరున్నారో, ఎలా ఉన్నారో చెప్పాలి.

"గంగన్నోళ్ళ ఇల్లు?"

"మా యమ్మ ఉండాదక్కా. మోకాళ్ళ నొప్పులంట," అన్నాడు గంగన్న కొడుకు సుబ్బడు.

"దాని పక్కిల్లు?"

అది మాదే. మా తమ్ముడు ఉన్నాడని చెప్పబోయి మళ్ళీ ఏడ్చాను. ఆకలి మీదున్న మనుషులు, అయినా అందరూ నాకోసం ఆగారు. ఎలాగో చెప్పాను. చెప్పాక నాకూ ఆకలేసింది.

ఏళ్ళు గడిచేకొద్దీ జవాబులు పొట్టివైపోయాయి. "తాళం." "తాళమే అక్కా." ఒక శుక్రవారం అన్నాల దగ్గర సుబ్బడు నవ్వుతూ, "ఊరంతా ఈడే ఉండాది గదక్కా, ఇంగ ఆడ యాముంది తిరిగేదానికి?" అన్నాడు. అందరం నవ్వాం. చెన్నక్క చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేసింది.

"ఖాళీ చేసింది నేనే గదరా."

ఆ తరువాత ఆమె ఎవరికీ వీసా చూడలేదు. తను బాగుపడి మిగతావాళ్ళని అడ్డుకుంటోందని ఊళ్ళో తిట్టిపోశారు. కొన్నాళ్ళకు నన్ను పక్కకు పిలిచి, "ఖలాస్ మే, ఇంగ చాలు. నేను ఊరికి పోతాండా," అంది.

"నువ్వు పోతే నేనెవురి దగ్గరికి రావల్లక్కా?"

"ఒక తలుపు తెరిస్తే ఇంగో తలుపు తెరుస్తారేమో చూద్దాం."

తను వెళ్ళి ఇల్లు తెరిచింది. ఇంకెవరూ తెరవలేదు. ముసలివాళ్ళు ఒక్కొక్కరే కాలం చేశారు. మా తమ్ముడు రాయచోటిలో కాపురం పెట్టాడు. చివరికి ఊళ్ళో మిగిలింది చెన్నక్క, ఆమె ఎదురింటి కోడలు సుజాత, సుజాత భర్త, కూతురు. నేను ఫోన్ చేస్తే ఆ పిల్ల అల్లరి తప్ప వేరే కబురు ఉండేది కాదు. "పిల్ల గొంతు ఇనపడతాంటే ఊరున్నట్టే మే," అనేది. ఆ మాటన్నప్పుడు ఆమె గొంతులో ఎంత సంతోషమో.

ఒకరోజు ఆమే ఫోన్ చేసింది. సుజాత భర్త చనిపోయాడు, ఉన్న ఒక్క బోరూ ఎండిపోయింది.

"సుజాతకు ఒక వీసా చూడు రవణమ్మా."

నా చెవులను నేనే నమ్మలేదు. "బిడ్డో?"

"రాయచోటిలో వాళ్ళమ్మ కాడ ఇడుస్తాదంట."

"మరి నువ్వక్కా? ఊరో?"



"ఊరికి ఆకలి గాదు మే. పిల్లలకైతాది."

అబూ హలీఫాలో మామా చెల్లెలికి అప్పుడు పనిమనిషి కావాలి. నేను నోరు తెరిస్తే సుజాతకు వీసా, మూసుకుంటే చెన్నక్కకు తోడు. కొన్నాళ్ళు మూసుకునే ఉన్నాను. చెన్నక్క మళ్ళీ ఫోన్ చేసి, "అడిగినావా?" అంది. అప్పుడు మామాను అడిగాను.

సుజాత వచ్చింది. ఆ ఎండాకాలమే చెన్నక్క ఫోన్ ఎత్తడం మానేసింది. మా తమ్ముణ్ణి పంపాను. వాడు వెళ్ళేసరికే ఆమె చనిపోయి ఉంది. ఎప్పుడు పోయిందో చెప్పడానికి ఊళ్ళో మనిషి లేడు.

ఇప్పుడు శుక్రవారాలు సుజాత కూడా గదికి వస్తుంది. కూతురి బడి ఫోటోలు చూపిస్తుంది. పిల్ల బుగ్గలు నిండాయి. రేపు ఇంకో పిల్ల ఆకలని కబురొస్తే నేను మళ్ళీ వెళ్ళి మామా ముందు నిలబడతాను. అది చెన్నక్క నేర్పిందే. నేర్పకుండా ఉంటే ఆమె ఇంకా ఉండేదేమో అని కూడా అనిపిస్తుంది, సుజాత నా పళ్ళెంలో సంగటి వడ్డిస్తున్నప్పుడు.