బాలింతకు చుట్టకుదురు

తొలి కాన్పయిన నెలకు, బిడ్డనెత్తుకుని కడప పోయే బస్సులో, ఆ రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సులో, నిలబడ్డాను. సీటు ఖాళీగానే ఉంది. "కూచోమ్మా, కూచో" అని బస్సంతా నా ప్రాణం తీస్తోంది. కాన్పులో కింద చిరిగింది, కూర్చోలేనని అంతమంది మగవాళ్లకు ఎలా చెప్పను?

పక్క సీటు పెద్దామె నన్ను కాసేపు చూసి చెవిలో అడిగింది. "చినిగినాదా? కుట్లేసినారా?"

"లేదు. అదే మానుతుందన్నారు."

"వాళ్ల నోట్లో మన్ను పడ! ముప్పై ఏండ్లుగా కాన్పులు చేస్తాండా, యాడికి పోయినా ఇదే మాట. కుండకు కుదురేసేది తెలుసు గానీ బాలింతకు ఏసేది తెలీదు!"

తన నెయ్యి కుండ కిందున్న నడుమ బోలుగా ఉన్న గుడ్డ చుట్టకుదురు లాగి సీటు మీద వేసింది. కూర్చున్నాను. ఆమె దారి పొడుగునా కుండను ఒళ్లో పట్టుకుని తిడుతూనే ఉంది.

ఇప్పటికీ మా ఇంట్లో కాన్పయితే అందరూ ఆడా, మగా అని అడుగుతారు. నేను మాత్రం "కుట్లేసినారా?" అంటాను.