రెండో కంచం

ఫిలిం ముక్కను అద్దంతో ఎండకు పట్టి గోడ మీద బొమ్మ చూసిన వాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? నా కంపాస్ బాక్సు నిండా అవే ఉండేవి. మా నాయిన సూర్యాపేటలో సినిమా హాలు ఆపరేటర్. మిర్యాలగూడలో ఆడి అరిగిపోయిన ప్రింటు మాకు వచ్చేది. రీలు తెగితే నాయిన పాడైన ముక్క కోసి నాకిచ్చి, మిగతాది అతికించేవాడు. ఆ ప్రింటే తర్వాత కోదాడకు పోయేది.

నిన్న టీవీలో ఒక పెద్ద దర్శకుడి సినిమాలన్నిటి గురించి చెబుతూ ఆయన తొలి సినిమాలోని సీను వేశారు. భర్త పోయిన ఆమె అలవాటుగా రెండు కంచాలు పెడుతుంది. మా హాల్లో రెండో కంచం ఉన్నట్టుండి మాయమయ్యేది, జనం నవ్వేవాళ్లు. నిన్న మాయం కాలేదు. ఆమె చేయి కంచం మీద ఆగింది. తర్వాత మెల్లగా, చప్పుడు కాకుండా దాన్ని వెనక్కి తీసుకుంది. ఏడుపు లేదు, పాట లేదు. ఆ దర్శకుడు తర్వాత తీసిన సినిమాలన్నీ ఆ చేతిలోనే ఉన్నాయనిపించింది.

పక్కనే కూర్చున్న నాయిన ముందుకు వంగాడు.

"ఇది నేను కోసిన ముక్కనే బిడ్డా. జరంత పోతే ఏమైతది అనుకున్న."

ఇక్కడ కోదాడ వాళ్లెవరైనా ఉంటే, అప్పట్లో మీరూ ఆ చేయి చూసి ఉండరు.

ఆ ముక్క నాకు బాగా గుర్తు. దాని మీది బొమ్మలన్నిట్లో అదే చేయి, అదే కంచం. అన్నీ ఒకటే బొమ్మ అని విసుగొచ్చి చింతగింజలకు ఇచ్చేశాను. ఒక్కో బొమ్మకు ఆ చేయి వెంట్రుకవాసి వెనక్కి జరుగుతోందని అప్పుడు నాకేం తెలుసు.