ఆయిల్ ట్యాంకూ, నా ఆరు మిల్లీమీటర్ల ప్లేటూ

కిందటేడు ఏప్రిల్. భిలాయిలో పదకొండు గంటలకే రోడ్డు మీద తారు మెత్తబడే రోజులు. రిసాలిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నేను పాత మోటార్ సైకిళ్లు బాగుచేస్తుంటాను. రాయపూర్ నుంచి రాజనందగావ్ దాకా పాత ఇంగ్లీషు బండి ఉన్నవాడెవడైనా నా చెయ్యి పడందే కిక్కు కొట్టడు. ఇప్పటికి వంద బండ్లకు ప్రాణం పోసి ఉంటాను.

వంద కాదు, ఏడు. అందులో రెండు నావే. వాటిలో ఒకటి ఇంకా లేవలేదు.

రిటైరయ్యేదాకా నా అసలు ఉద్యోగం ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో మెయింటెనెన్స్ ఫిట్టరు. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మల్ని రోలర్ల మధ్య నలిపి సాగదీసే చోటు అది. ముప్ఫై నాలుగేళ్లలో అక్కడ నేర్చిన శాస్త్రం చాలా చిన్నది. ఊగుతోందా, బిగించు. ఇంకా ఊగుతోందా, మందపాటి ప్లేటు వేసి వెల్డింగ్ కొట్టు. మా మిల్లు వాళ్లెవరింటికి వెళ్లినా చూడండి, మంచం కోడు వదులైనా, గేటు గొళ్లెం ఊడినా ఆరు మిల్లీమీటర్ల ప్లేటే ఉంటుంది. మా ఆవిడ ఇడ్లీ పాత్ర మూతకు నేను వేసిన పిడి బరువుకి, ఆ మూత ఎత్తడానికి ఇప్పటికీ ఆవిడ రెండు చేతులూ వాడుతుంది, నోరు కూడా.

అలాంటి నా దగ్గరికి వరలక్ష్మి వాళ్ల నాన్న పాత ఇంగ్లీషు బండి తోసుకొచ్చింది. వాళ్ల నాన్న అప్పలనాయుడూ నేనూ ఒకే రోజు ప్లాంటులో చేరినవాళ్లం. నాకన్నా పదేళ్లు పెద్ద, పోయి ఆరేళ్లు. వరలక్ష్మి ప్లాంటు ఆసుపత్రిలో, ఎముకల వార్డులో నర్సు. ఆ నెలాఖరున రిటైరవుతోంది.

మా ఊళ్లో రిటైరయ్యేవాళ్లకు ఒక మర్యాద ఉంది. చివరి డ్యూటీ దిగాక తోటివాళ్లు దండలు వేసి, డప్పులతో ఇంటిదాకా ఊరేగించి దిగబెడతారు. చాలామంది పూలు కట్టిన కారులో కూర్చుంటారు. అప్పలనాయుడు మాత్రం తన రోజున తన మోటార్ సైకిల్ తనే నడుపుకుంటూ, వెనక భార్యను కూర్చోబెట్టుకుని వెళ్లాడు. ఇప్పుడు కూతురికీ అదే బండి మీద వెళ్లాలని ఉంది. వెనక కూర్చునేది మళ్లీ ఆవిడే, మా పైడమ్మ వదిన. ఎనభై రెండేళ్లు.

"అమ్మ కూకుంటానంటోంది బాబాయ్. నూనె కారి వెనక చక్రం మీద పడితే ఏటవుతాదో నీకు నేను చెప్పక్కర్లేదు. అయితే పక్కాగా చెయ్యి. అవదంటే ఇప్పుడే చెప్పీ, కారు మాట్లాడుకుంటాను," అంది.

"అవదన్న మాట నా నోటంట ఈ భిలాయి ఇంతవరకూ వినలేదమ్మా," అన్నాను.

ఆమె భయానికి కారణం చెప్పాలి. ఈ పాత బండ్లది డ్రై సంప్ ఇంజను, అంటే ఇంజను ఆయిలు దాని కింద నిలవ ఉండదు. సీటు కింద కుడి పక్కన వేరే రేకు ట్యాంకులో ఉంటుంది. ఒక గొట్టం లోంచి పంపు ఆయిలు తీసుకుంటుంది, ఇంకో గొట్టం లోంచి వెనక్కి పంపిస్తుంది. ట్యాంకు కదిలిందంటే ఆయిలు రోడ్డు మీదికో, చక్రం మీదికో పోతుంది. చెంచాడు ఆయిలు చక్రానికి అంటితే వదిన గతి ఏమిటి? ఆయిలు మొత్తం పోతే ఇంజను గతి ఏమిటి?

ట్యాంకును ఫ్రేముకు పట్టి ఉంచేవి మూడు చోట్లు. పైన బోల్టు కంతలున్న రెండు రేకు చెవులు, కింద ఒక బోల్టు. అప్పలనాయుడు చివరి రోజుల్లో ఆ మూడు చోట్లా సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి, తీగతో కట్టి పెట్టాడు. చూసి నవ్వాను. "మీ నాన్న ఫర్నెస్‌లో గొప్పవాడే గానీ, ఫిట్టింగ్ పని తెలీదమ్మా," అని ఆ ముక్కలన్నీ కోసి పారేశాను. ఆమె వాటిని ఏరి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

మూడు చోట్లా ఆరు మిల్లీమీటర్ల ప్లేటు వేశాను. స్ప్రింగ్ వాషర్, లాక్ నట్, స్పానరుకు పైపు తగిలించి మరీ ఒక బిగింపు. బండిని పట్టుకుని ఊపితే ఇల్లు ఊగాలి తప్ప ట్యాంకు ఊగదు. నెహ్రూ నగర్ దాకా వెళ్లి తిరిగొచ్చాం. షెడ్డులో నిలబెట్టగానే నేల మీద నల్లటి చుక్క. పై చెవి దగ్గర, సరిగ్గా నా ప్లేటు అంచు ఆగినచోట రేకు పగిలింది.

ట్యాంకును కాస్టిక్ సోడా నీళ్లతో కడిగి, ఇత్తడితో అతికి, ఈసారి ప్లేటు ఇంకొంచెం పొడుగు వేశాను. మళ్లీ పగిలింది, ఇంకొంచెం అవతల. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

ఆ రోజు ఇంజను నడుస్తుండగా నేను ఒక చెయ్యి ఫ్రేము మీద, ఒక చెయ్యి ట్యాంకు మీద పెట్టి కళ్లు మూసుకున్నాను. నా అనుభవమంతా వేళ్లలోకి వచ్చింది. తప్పు ఎక్కడుందో నాకు తెలిసిపోయింది.

ఈ ముక్క నేను ఏడాదిగా అందరికీ ఇలాగే చెప్తున్నాను. నిజానికి నేను అప్పుడు స్టూలు మీద కూర్చుని ఎనిమిది మిల్లీమీటర్ల ప్లేటు ఎవరి దగ్గర దొరుకుతుందా అని ఆలోచిస్తున్నాను. చేతులు పెట్టింది వరలక్ష్మి. డ్యూటీ నుంచి సరాసరి వచ్చింది, తెల్లచీర మీదే మోకాళ్ల మీద కూర్చుంది, నాడి చూసినట్టు చాలాసేపు చూసింది.

"రెండూ ఒకేలాగ అదురుతున్నాయి బాబాయ్. ఫ్రేముకి తగిలిన దెబ్బ దెబ్బంతా ఈ రేకు తినీస్తోంది," అంది.

"గట్టిగా ఉందంటే అలాగే ఉంటుందమ్మా."

"చెయ్యి విరిగినోడికి ప్లాస్టర్ ఎలాగేస్తామో ఎప్పుడైనా చూసేవేటి? ముందు దూది చుడతాం. దూది లేకండా బిగించీస్తే ఎముక అతుక్కోకముందే చర్మం పోతాది. నువ్వు దూది లేని ప్లాస్టర్ ఏసీసేవు." హ్యాండ్‌బ్యాగులోంచి ట్యూబు ముక్కలు తీసి నా ముందు పెట్టింది. "నాన్న దూది పెట్టేడు. నువ్వు కోసీసేవు."

స్టూలు దిగి స్క్రూడ్రైవరు అందుకున్నాను. ఒకరి మాట విని నేను లేవడం మా వీధిలో ఒక సంఘటన.

ఆ తర్వాత చెవుల కంతల్ని గోకి చూస్తే, లోపల గట్టిపడి రాయిలా అయిన రబ్బరు పొర కనిపించింది. ఆ బండిని తయారుచేసినవాళ్లు మొదట్నించీ రబ్బరు మీదే ట్యాంకును నిలబెట్టారు. రబ్బరు చచ్చిపోయాక అప్పలనాయుడు తనకు చేతనైనట్టు దాని పని ట్యూబుకు అప్పగించాడు. ఆ ఇంగ్లండు వాళ్లెవరో, మా అప్పలనాయుడెవరో! ఇద్దరికీ తెలిసింది నాకొక్కడికే తెలియలేదు.

మర్నాడు వరలక్ష్మి మందు సీసాల రబ్బరు బిరడాలు తెచ్చింది. ఇక్కడ మాత్రం నా గొప్ప ఒకటి ఉంది, ఇది నిజంగా నాదే. మిల్లులో ఆయిలు ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్స్ చూసినవాణ్ని కనక ఏ రబ్బరు పడితే అది ఆయిలుకు ఆగదని తెలుసు. ఒక బిరడాను వేడి ఆయిలులో వేసి ఉంచితే సాయంత్రానికి గులాబ్ జామూనులా ఉబ్బింది. ఆమె దాన్ని నొక్కి చూసి, "సరే, ఇది నీ డిపార్ట్‌మెంటు," అంది.

జాముల్‌లో సిమెంటు యంత్రాలకు బుష్‌లు, అంటే బోల్టు దూర్చే రబ్బరు ఉంగరాలు కోసే చిన్న లేత్ షాపుంది. ఆయిలుకు చెక్కుచెదరని నైట్రైల్ రబ్బరుతో మూడు బుష్‌లు చేయించాను. ప్రతి బుష్ మధ్యలో ఒక స్టీలు స్లీవ్, అంటే చిన్న గొట్టం ముక్క. బోల్టు ఎంత బిగించినా ఆ బిగువు స్లీవ్ మీదే ఆగుతుంది, రబ్బరు నలగదు. ట్యాంకు ఇనుమును ఎక్కడా ముట్టుకోదు, రబ్బరులోనే ఉంటుంది. చెవులకు పల్చటి రేకుతో కొత్త అతుకు వేశాను. ఆరు మిల్లీమీటర్ల ప్లేట్లు మూడూ గోడవార పడేశాను.

ఆఖరి రోజు నా భయమంతా ఊరేగింపు నడక మీదే. బండి డెబ్బై కిలోమీటర్ల స్పీడులో పోతే అదురు తక్కువ. డప్పుల వెనక ఫస్ట్ గేరులో, మనిషి నడకతో, ఆ ఎండలో పోవడమే దానికి అసలు పరీక్ష. ముందు డప్పులు, తర్వాత "సిస్టర్ దీదీ" అంటూ చిందులేస్తున్న వార్డు జనం, మధ్యలో బంతిపూల దండలతో వరలక్ష్మి. వెనక పట్టుచీర కట్టుకుని, కూతురి నడుం చుట్టూ చెయ్యి వేసుకుని పైడమ్మ వదిన. నేను స్కూటరు మీద వెనకే. దారంతా జనం ఆ ఇద్దరి మొహాలూ చూశారు, నేను వెనక చక్రమే చూశాను. వదిన మధ్యలో ఒకసారి నా వైపు తిరిగి, "ఏటి మరిదీ, నా కాళ్లకేసి అలా చూస్తన్నావు?" అంది. చుట్టూ ఉన్న నర్సులు పగలబడి నవ్వారు.

ఇంటి ముందు ఆగాక వరలక్ష్మి ముందు తల్లిని దింపింది. తర్వాత హ్యాండ్‌బ్యాగులోంచి గాయాలకు కట్టే తెల్లటి గాజుగుడ్డ మడత తీసి ట్యాంకు అడుగున, మూడు బుష్‌ల చుట్టూ, చివరికి చక్రం మీద తుడిచింది. నాకు చూపించింది. దుమ్ము తప్ప ఏమీ లేదు.

అప్పటికే నేను పక్కవాళ్లకు రబ్బరు మీద తేలే ట్యాంకు నా ఐడియా అని చెప్పేశాను. డాక్టరుగారొకాయన వచ్చి, ఇంత పాత బండిని ఇలా ఎవరు నిలబెట్టారని ఆమెనే అడిగాడు. నా గుండె స్కూటరు కింద పడింది.

"మా బాబాయే సార్. ప్లాంటు ఫిట్టరు," అంది వరలక్ష్మి. నవ్వు కూడా దాచుకుంది. అందరూ నాకు దండం పెట్టారు. నేనూ సిగ్గులేకుండా పెట్టించుకున్నాను.

ముప్ఫై నాలుగేళ్లు ఊగేదాన్ని చూస్తే స్పానర్ అందుకున్నాను. ఇప్పుడు ముందు అరచెయ్యి పెట్టి, దాన్ని ఎంత ఊగనివ్వాలో చూస్తున్నాను. గట్టిగా పట్టుకోవడమూ, భద్రంగా పట్టుకోవడమూ రెండు వేరువేరు పనులని ఒక నర్సు నాకు డెబ్బై నాలుగో ఏట చెప్పింది. షెడ్డుకు వచ్చినవాళ్లు ఈ చెయ్యి పెట్టే పద్ధతి ఎక్కడ నేర్చారండీ అని అడిగితే ఏడాదిపాటు మీసం తిప్పాను. ఇకనుంచి వరలక్ష్మి పేరు చెప్తాను. చెప్తానని నా మీద నాకే నమ్మకం లేక, ఇలా రాసి పెడుతున్నాను.