నిద్రలో ఉన్న సెట్టుకు పంపిన మాట

మా ట్రక్కులు జ్యోతినగర్ చేరేసరికి తెల్లవారింది. వాన ఆగలేదు. మాది ఆర్మీ వరద సహాయ దళం. నేను సిగ్నల్స్ హవల్దార్‌ని. కొండల్లో, ఎడారిలో పనిచేశాను గాని, పుట్టి పెరిగిన బొగ్గుగనుల ప్రాంతానికి డ్యూటీ మీద రావడం అదే మొదలు.

మాకు ఒక బడి ఇచ్చారు. కింది గదుల్లో ముంపు ఊళ్ల జనం, పైన మేము. డాబా మీద యాంటెన్నా నిలబెట్టి, మెట్ల గదిలో రేడియో పెట్టుకున్నాను. గోదావరి వాగుల్లోకి ఎదురు తన్నుతోంది. మంథని వైపు రోడ్లు మునిగిపోయాయి. సెల్ టవర్లు పడుకున్నాయి. మా దగ్గర నాలుగు పడవలు, పడవకొక చేతి రేడియో సెట్టు. వాటికి మాట అందాలంటే నా రేడియో ఒక్కటే దిక్కు.

మూడో పడవలో నాకంటే ఒక మెట్టు కింది హోదా అయిన నాయక్, శ్రీకాకుళం వాడు, ఒక జవాను, దారి చూపడానికి రాజయ్య కాక వెళ్లారు. కాక, నేలను పైనుంచే పెద్ద గొయ్యిగా తవ్వే ఓపెన్ కాస్ట్ గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన కూతురు సరోజ కింద శిబిరంలో వంట చేస్తోంది.

మధ్యాహ్నం నాయక్ గొంతు వచ్చింది.

"వాగు అవతల గూడెంలో ఉన్నాం. డాబా మీద పదకొండు మంది. రెండు తడవలుగా తేవాలి. స్పేర్ బ్యాటరీ తడిసిపోయింది. ఉన్నదాంట్లో ఒక్క గీత మిగిలింది."

"సెట్టు నిద్రలో పెట్టు. అవసరమైతే నేనే పిలుస్తా."

నిద్ర అంటే ఆపేయడం కాదు. సెట్టు కొద్ది సెకన్లకోసారి రెప్పపాటు మేలుకుంటుంది. తన నంబరు ఎవరైనా పిలుస్తున్నారా అని వింటుంది. లేకపోతే మళ్లీ పడుకుంటుంది. బ్యాటరీ అలా నిలుస్తుంది.

కాసేపటికి మా దళాన్ని నడిపే కెప్టెన్ సాబ్ మెట్లెక్కి వచ్చాడు. ఎగువన ఆనకట్టకు మరిన్ని గేట్లు ఎత్తుతున్నారట. ఆ నీళ్లు వచ్చేవేళకు పడవ వాగులో ఉంటే నేరుగా గని గొయ్యిలోకి కొట్టుకుపోతుంది. గూడెం వెనక, గని తవ్వి పోసిన మట్టిగుట్ట ఉంది. అందరూ దాని మీదికి ఎక్కాలి. మిగతా పడవలు దూరంగా ఉన్నాయి.

పిలిచాను. సెట్టు మేలుకుంది. కాని మాట్లాడాలంటే ముందు లైను కలవాలి. దానికి అటూ ఇటూ సంకేతాలు నడవాలి. నాది దానికి చేరుతోంది, దాని బలహీనమైన బదులు వానలో నాదాకా ముక్కలుగానే వస్తోంది. మళ్లీ పిలిచాను. మళ్లీ తెగింది. బదులు పంపిన ప్రతిసారీ అక్కడ బ్యాటరీ తరుగుతుంది. నా చెయ్యి ఆగిపోయింది.

"పిలుస్తూ ఉండు," అన్నాడు కెప్టెన్ సాబ్.

"ఇంకోసారి పిలిస్తే సెట్టు చచ్చిపోతుంది సాబ్. ఇంకో పద్ధతి ఉంది. 'నీకో చిన్న సందేశం ఉంది, ఫలానా చానెల్లో విను' అని పిలుపులోనే చెప్పొచ్చు. లైను కలపక్కర్లేదు. రెప్పపాటు మేలుకున్నప్పుడే అక్షరాలు అందుకుని సెట్టు మళ్లీ పడుకుంటుంది."

"అందినట్టు మనకెలా తెలుస్తుంది?"

"తెలియదు సాబ్. అది బదులు పంపదు."

ఆయన నా ముఖం వంక చూశాడు. శిక్షణలో తప్ప ఆ పద్ధతి నేనెప్పుడూ వాడలేదు.

"పంపు," అన్నాడు.

'వాగు దాటొద్దు. అందరూ మట్టిగుట్ట ఎక్కండి. అక్కడే ఉండండి.' పంపాను. ఒకసారి వానలో చెదిరినా ఇంకోసారి దొరుకుతుందని అదే మాట మళ్లీ మళ్లీ పంపాను. తెర మీద ఏ గుర్తూ మారలేదు.

సరోజ పైకి వచ్చింది. చేతులకు పిండి అలాగే ఉంది.

"అన్నా, మా బాపు ఏడున్నడు?"

"గూడెం కాడ. గుట్ట ఎక్కుమని చెప్పిన."

"ఏమన్నడు?"

"జవాబు రాదు చెల్లె. ఆ సెట్టుకు మాట్లాడే బలం లేదు. వినే బలం ఉన్నది."

"ఇన్నరో లేదో నీకెట్ల ఎరుక మరి?"

"ఎరుక లేదు."

ఆమె ఏడవలేదు. మెట్టు మీద కూర్చుంది. సాయంత్రానికి వాగు మోత బడిదాకా వినిపించింది. కెప్టెన్ సాబ్ డాబా మీద దుర్భిణితో నిలబడ్డాడు. వాన తెర తప్ప ఏమీ కనిపించలేదు. ఆమె అక్కడే ఉంది. నేనూ కుర్చీ వదల్లేదు.

తెల్లారాక వాన తగ్గింది. రెండో పడవ వెళ్లింది. చాలాసేపటికి దాని మాట వచ్చింది.

"గుట్ట మీద ఉన్నారు. పద్నాలుగు మందీ ఉన్నారు."

సరోజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిందికి దిగిపోయింది.

జరిగింది తర్వాత రాజయ్య కాక చెప్పాడు. "ఆరుగురిని ఎక్కించుకుని పడవ కదిలినంక సెట్టు గుర్రుమన్నది. నాయక్ సార్ సదివి, వెనుకకు తిప్పుమన్నడు. మేం గుట్ట ఎక్కినంక వాళ్లున్న డాబా ఇల్లు నీళ్లల్ల పోయింది, మేం సూస్తనే ఉన్నం."

నీళ్లు తీశాక మేం సికింద్రాబాద్ వెళ్లిపోయాం. ఇప్పుడు నేను రిటైరై గోదావరిఖనిలో ఉంటున్నాను. సరిహద్దు ముచ్చట్లు చెప్పమని జనం అడుగుతారు. నాకు మాత్రం ఆ పొద్దున బడి ముందు నాయక్ పడవ దిగడమే కళ్లలో ఉంది. మా మాట అందిందని చెప్పడానికి అతను ఒక ఎర్ర చీర తెడ్డుకు కట్టి, చీకటి పడేదాకా మా వైపు ఊపుతూనే ఉన్నాడట. మాకు కనబడలేదు. కెప్టెన్ సాబ్ ఎదురొస్తే సెల్యూట్ చెయ్యబోయాడు. కుడిచెయ్యి లేవలేదు. ఎడమచేత్తో ఆ మణికట్టు పట్టుకుని, మెల్లగా నుదుటిదాకా ఎత్తాడు.