లైబ్రరీలో నేను మార్చిపెట్టిన నాలుగు లేబుళ్ళు

పదహారేళ్ళుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. పెద్దదేమీ కాదు. రెండే మాటలు. కానీ ఏ లైబ్రరీలోకి అడుగుపెట్టినా, పాత పుస్తకాల వాసన తగలగానే అది లేచి కూర్చుంటుంది. తెలిసినవాళ్ళకు చెబుదామని చాలాసార్లు నోరు తెరిచి, వేరే ఏదో మాట్లాడి మూసుకున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నాకు పుట్టుకతోనే ఒక జబ్బు ఉంది. ఏ సంగతైనా తేలేదాకా నిలవలేను. మా నాయన "దీనికి ఆరా తియ్యకపోతే అన్నం అరగదు" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. అది మంచి గుణమనే అనుకుంటూ పెరిగాను.

కార్వేటినగరం దగ్గర మా ఊరు. రోజూ రెండు బస్సులు మారి తిరుపతిలో ఒక ప్రభుత్వ కాలేజీకి వచ్చి బి.ఏ. చదివాను. కాలేజీది పాత రాతి కట్టడం. వెనక బ్లాకులో లైబ్రరీ. దాని కిటికీల్లోంచి కొండ కనిపించేది. విద్యార్థులను బీరువాల దాకా రానిచ్చేవాళ్ళు కాదు. కౌంటరు దగ్గర స్లిప్పు మీద పుస్తకం పేరు, నంబరు రాసిస్తే అటెండరు లోపలికి వెళ్ళి తెచ్చేవాడు. ఆ అటెండరు మస్తానన్న. శ్రీకాళహస్తి మనిషి. ఇరవై ఏళ్ళకు పైగా ఆ బీరువాల మధ్యనే ఉన్నాడు.

ఆయన స్లిప్పు తీసుకునేవాడు కానీ చూసేవాడు కాదు. "పేరు సెప్పు పాపా" అనేవాడు. చెప్పగానే లోపలికి పోయి, నేను పెన్ను మూత పెట్టేలోపు పుస్తకంతో వచ్చేవాడు. స్లిప్పు ఎందుకు చూడడు? కళ్ళజోడు మర్చిపోయాడా? రోజూ మర్చిపోతాడా? అసలు ఈ మనిషికి చదవడం వచ్చా, రాదా? నాకెందుకండీ ఆ సంగతి? కానీ పట్టుకుంది, వదల్లేదు.

మూడో ఏడు కాలేజీకి తనిఖీ కమిటీ వస్తుందన్నారు. పుస్తకాల మీద నంబర్లు చెరిగిపోయి ఉన్నాయి, అన్నిటికీ కొత్త లేబుళ్ళు వెయ్యాలి. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని లైబ్రేరియన్ సారు నన్ను లోపలికి పిలిచారు. పుస్తకం లోపలి పేజీలో ఉన్న నంబరు చూసి నేను లేబుల్ మీద రాయాలి. ఆ లేబుల్‌ని అదే పుస్తకంలో, కొస బయటికి కనిపించేటట్టు పెట్టాలి. మస్తానన్న మైదా జిగురు పూసి దాన్ని పుస్తకం వెన్ను మీద అతికిస్తాడు. ఇదీ పని.

చరిత్ర బీరువాలో నాలుగు పుస్తకాలు ఎదురయ్యాయి. నాలుగింటికీ ఒకే ఎర్ర బైండింగు, ఒకే పొడవు. వెన్ను మీద పేరు లేదు. వాటిని చూడగానే నాకు ఆలోచన వచ్చింది. ఒకదాని లేబుల్ ఇంకొకదానిలో పెట్టి నాలుగింటినీ మార్చేశాను. మస్తానన్నకు చదవడం వస్తే, లేబుల్ చూసి తప్పు పుస్తకం తెస్తాడు. రాకపోతే, లేబుల్‌తో పని లేకుండా సరైనదే తెస్తాడు. ఎంత తెలివి!

ఆయన నా మీద నమ్మకంతో, ఎక్కడ పెట్టినవి అక్కడే అతికించాడు. మరునాడు ఆ నాలుగింటిలో ఒకటి అడిగాను. సరైన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. వెన్ను మీద నంబరు వేరే. లోపల నేనడిగిన పుస్తకమే. నాకు తేలిపోయింది.

లేబుళ్ళు మళ్ళీ మార్చేద్దామనే అనుకున్నాను. గోటితో గీకి చూస్తే, ఎండిన జిగురుతో పాటు బైండింగు కూడా ఊడి వస్తోంది. ఇన్ని వేల పుస్తకాల్లో నాలుగు ఎవరు చూస్తారులే అని వదిలేశాను.

కమిటీలో వచ్చిన మేడం చరిత్ర మేడం. అడిగింది ఆ నాలుగింటిలో ఒకటి. మస్తానన్న తెచ్చాడు. ఆమె వెన్ను చూసింది, లోపల చూసింది, పక్క పుస్తకాలు కూడా తెప్పించి చూసింది. ఎవరు అతికించారని అడిగింది. "నేనే మేడం" అన్నాడు మస్తానన్న. ఏదీ ఈ నంబరు చదువు, అంది ఆమె. ఆయన లేబుల్ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నేల చూశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. నేను ఆ పాటి కూడా కదల్లేదు. అక్కడే, మూడో బల్ల దగ్గర, పుస్తకం తెరిచి చదువుతున్నట్టు కూర్చున్నాను.

తర్వాతి వారం ఆయన్ని లైబ్రరీ నుంచి తీసేసి నీళ్ళ మోటారు దగ్గర వేశారు. నేను చూడటానికి వెళ్ళాను. ఒప్పుకోవడానికే వెళ్ళానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? ఆయన మొహం ఎలా ఉందో చూడాలని వెళ్ళానేమో. మోటారు షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"పాపా, ఒక మాట అడగల్ల. ఆ నాలుగు బుక్కుల్లో నువ్వు లేబుళ్ళు సరిగ్గానే పెట్టుంటావు గదా?"

"సరిగ్గానే పెట్టినానన్నా."

"అదే అనుకున్నా. నా సెయ్యే తప్పిండాది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇట్లా కాలేదు. ఇంగ వయసయిపోతాండాది." కాసేపు తన వేళ్ళు చూసుకున్నాడు. "నువ్వు పో, క్లాసుకి టైమవుతాండాది."

వెళ్ళిపోయాను. క్లాసుకే వెళ్ళాను.

చదవడం రాదన్న సంగతి ఎప్పటికైనా బయటపడేదే అని సమాధానం చెప్పుకున్నాను. అది నిజమే కావచ్చు. కానీ తన చెయ్యి తప్పిందని ఆయన్ని నమ్మించింది మాత్రం నేను. ఆ తర్వాత లైబ్రరీకి చదువుకున్న అటెండరు వచ్చాడు. పుస్తకం అడిగితే అరగంట పట్టేది. అప్పుడు గానీ నాకు అసలు ప్రశ్న తట్టలేదు. పేరు లేని నాలుగు ఎర్ర పుస్తకాల్లో సరైనది మస్తానన్న ఎలా పట్టుకున్నాడు? బరువుతోనా, అంచు అరుగుదలతోనా, వాసనతోనా? ఆరా తియ్యవలసింది అది. నేను తీసింది ఇంకొకటి.

నేనిప్పుడు వేరే ఊళ్ళో లెక్చరర్‌ని. పోయినేడు పరీక్షల డ్యూటీకి శ్రీకాళహస్తి వెళ్ళినప్పుడు టీ కొట్టులో అడిగితే, ఆయన కూతురి దగ్గర ఉంటున్నాడని చెప్పి వీధి చూపించారు. వీధి మొదట్లో నిలబడ్డాను. ఏం అడగాలని వచ్చాను? "పుస్తకాలు ఎలా గుర్తుపట్టేవాడివన్నా? లేబుళ్ళు మార్చింది నేనని నీకు తెలుసా?" ఈ రెండే నా నాలుక మీద ఉన్నాయి. అంటే మళ్ళీ ఆయనకి పరీక్ష పెట్టడానికే వచ్చాను. చెప్పడానికి రాలేదు. సిగ్గేసి వెనక్కి తిరిగాను. ఆయన ఈ రోజుకీ తన చెయ్యే తప్పిందని అనుకుంటున్నాడేమో.

ఇంకొకటి మిగిలింది. రాయకుండా దాటేద్దామని రెండు రోజులు చూశాను. చదవడం రాదని తేలిన ఆ సాయంత్రం బస్సులో నాకు కిటికీ పక్క సీటు దొరికింది. పుత్తూరు దాటేదాకా నాలో నేనే నవ్వుకుంటూ పోయాను. అంత పెద్దాయన గుట్టు పట్టేశానని నాకు చాలా సంతోషంగా ఉండింది. అబద్ధం సంగతి ఎప్పటికైనా ఎవరికైనా చెప్పేదాన్నేమో గానీ, ఈ సంతోషం సంగతి చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు చెప్పేశాను. సిగ్గు అలాగే ఉంది. దాచే పని మాత్రం తప్పింది.