నాలుగో కంచం

అచ్చాఫీసులో ఆవిడను అందరూ భూతద్దం అత్తయ్య అనేవారు. ముప్ఫై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది. క్యాలెండరులో తేదీకి వారం కుదరకపోయినా ఇట్టే పట్టేసేది. ఆవిడ సరేనన్నాక మిషను ఆపాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. ఆ పేరంటే ఆవిడకు ప్రాణం.

అలాంటి మనిషి, బట్టలు కుట్టే ఓ అమ్మాయి రాసుకున్న కవిత దగ్గర పప్పులో కాలేసింది.

కవిత పన్నెండు లైన్లే. ఇంట్లో నలుగురుంటారు. నాన్న చనిపోతాడు. చివర్లో కూతురు నాలుగు కంచాలు కడుగుతుంది.

"నలుగురిలో ఒకరు పోతే ముగ్గురేగా! పాపం, పిల్ల చూసుకున్నట్టు లేదు" అని అత్తయ్య నాలుగు కొట్టేసి మూడు చేసింది. దిద్దిన ప్రూఫు మీద ఆ అమ్మాయి కిక్కురుమనకుండా సంతకం పెట్టి వెళ్లింది.

వారానికి ఆ కవిత ఉన్న పేజీల ఫారం అచ్చుకు మిషనెక్కింది. మొదటి కాగితం తెచ్చుకుని అత్తయ్య అలవాటుగా మూడుసార్లు చదివింది. తప్పుల్లేవు. కానీ ఏదో వెలితి. రాతప్రతి తీసి మళ్లీ చదివింది. ఎవరూ తినని కంచం ఎందుకు కడగడం? ఐదోసారి చదివింది, ఆరోసారి చదివింది. ఏడోసారి చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఆ పిల్ల నాన్నకు ఇంకా కంచం పెడుతోంది!

"నా తెలివి తెల్లారినట్టే ఉంది!" అని నెత్తి కొట్టుకుంది.

ఊరుకుంటే అడిగే నాథుడు లేడు. సంతకం ఉండనే ఉంది. అయినా సరే, లేచి చరచరా మిషను దగ్గరికి నడిచింది. ఎంత గుండె కావాలండీ దానికి!

"ఆపవయ్యా!"

మిషను నడిపే ఆయన నోరెళ్లబెట్టాడు. "ఎవరి తప్పత్తయ్యా?"

"నాదే. ఊరంతా దండోరా వేసుకో, నాదే!"

కబురందుకుని ఆ అమ్మాయి మెడలో కొలతల టేపుతోనే పరిగెత్తుకొచ్చింది. అత్తయ్య మళ్లీ నాలుగు వేసిన ప్రూఫు ఆమె చేతిలో పెట్టింది.

"నువ్వు రాసిందే రైటు తల్లీ. నాకే బుర్రకెక్కలేదు. ఆ రోజే నన్ను నిలదీయాల్సింది కదమ్మా!"

ఆ అమ్మాయి ఆ నాలుగు మీద వేలు పెట్టింది.

"మీరు దిద్దితే తిరుగుండదంటారు కదండీ. నాదే పొరపాటనుకున్నాను. అప్పట్నుంచి ఇంట్లో కూడా మూడే పెడుతున్నాను."