కమలాంబ టీచరు, పచ్చి సోయా పాలు

నందిగామలో ఆడపిల్లలకు సైన్సు చెప్పే కమలాంబకు కొత్త సంగతి ఏదైనా తెలిసిందంటే కాలు ఒకచోట నిలిచేది కాదు. 1998లో సోయా చిక్కుళ్ళలో మాంసకృత్తులు మెండని ఎక్కడో చదివింది. మర్నాడే రెండు కిలోలు తెచ్చి, నానబెట్టి, రుబ్బి, పాలు పిండింది. కాచితే బలం పోతుందని పచ్చివే రోజూ భర్త ఉమాకాంతానికి గ్లాసుడు ఇచ్చి, తనూ తాగింది.

నాలుగో రోజుకి ఆయన పొట్ట డోలులా బిగిసింది. ఆఫీసు మీటింగులో అందరూ నోరు మూసుకుని ఉన్న సమయంలో గుడగుడమని మోగింది.

"కమలా, నీ పాలకో దండం. ఇక తాగను" అన్నాడు ఇంటికొచ్చి.

"తప్పు గింజదో నాదో తేలనివ్వండి" అని ఆవిడ తన పాత బీయస్సీ పుస్తకం తిరగేసింది. మన పేగుల్లో మాంసకృత్తుల్ని ముక్కలు చేసే ట్రిప్సిన్ అనే ఎంజైముని పచ్చి సోయాలోని ఒక పదార్థం పట్టేసుకుని పని చెయ్యనివ్వదట. బాగా మరిగిస్తే ఆ పట్టు వదులుతుందట.

చదివి ఊరుకుంటే ఆవిడ కమలాంబ ఎందుకవుతుంది. జగ్గయ్యపేట వెళ్ళి, ఫొటో స్టూడియో స్తెఫను దగ్గర పనికిరాని నల్ల ఫిలిం ముక్కలు అడిగి తెచ్చుకుంది. ఫిలిం మీది నల్ల పూత జిలాటిన్, అంటే అదీ మాంసకృత్తే; ట్రిప్సిన్ పనిచేస్తే ఆ నలుపు ఊడిపోవాలి. మందుల షాపులో ట్రిప్సిన్ ఉన్న అరుగుదల బిళ్ళలు కొంది.

ఆదివారం పొద్దున వంటింట్లో మూడు గ్లాసుల్లో బిళ్ళల పొడి కలిపిన గోరువెచ్చని నీళ్ళు పోసింది. రెండోదానికి పచ్చి సోయా పాలు, మూడోదానికి అరగంట మరిగించి చల్లార్చినవి కలిపి, ఒక్కోదాంట్లో ఒక ఫిలిం ముక్క వేసింది. గంట తర్వాత తీస్తే మొదటి ముక్క గాజులా తేలింది. మూడోదాని నలుపు వేలితో రాయగానే జారిపోయింది. రెండోది మాత్రం కాటుకలా అలాగే ఉంది.

గడ్డం గీసుకుంటున్న ఉమాకాంతాన్ని సబ్బు నురగతోనే లాక్కొచ్చి, చేతులు పట్టుకుని గిరగిరా తిప్పింది.

"అయితే నా పొట్ట ఆ రెండో గ్లాసన్నమాట" అన్నాడాయన. ఇద్దరూ నవ్వి నవ్వి నేలమీద కూలబడ్డారు.

ఆ సాయంత్రం బాగా మరిగించిన పాలలో బెల్లం కలిపి ఇస్తే, పొట్ట మీద చెయ్యి వేసుకుని భయంభయంగానే తాగాడు. తెల్లవారేదాకా పొట్ట కిమ్మనలేదు.

2006లో రిటైరయ్యేదాకా ఏటా ఈ మూడు గ్లాసుల పాఠం చెప్పింది. మొదటి ఏడాది పిల్లలు ఫిలిం ముక్కలు కిటికీకి అడ్డంపెట్టి చూస్తుంటే ప్రేమకుమారి లేచి, "చేలో పచ్చి కందికాయలు తింటాం కదా టీచర్, వాటిలోనూ ఇది ఉంటుందా?" అంది.

"తెలీదే" అంది కమలాంబ, ముఖం వెలిగిపోతుండగా. "రేపు ఎవరెవరు తెస్తారు?"

క్లాసంతా చేతులెత్తింది.